అయస్కాంతంతో చల్లదనం, ఐదారు లోహాల మిశ్రమాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

నెల్లూరులో ఎమ్మెస్సీ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను. నా సంచిలో ఎప్పుడూ వేలి గోరంత గడోలినియం ముక్క ఒకటి, ఇనుప చట్రంలో బిగించిన నియోడిమియం అయస్కాంతాల జత ఒకటి ఉంటాయి. కావలి, కందుకూరు, ఒంగోలు వైపు కాలేజీలకు వెళ్లి వాటిని బయటికి తీస్తే ముందు అందరి కళ్లూ థర్మామీటరు మీదే ఉంటాయి. ఆ తర్వాత ప్రశ్నలు మొదలవుతాయి. రొయ్యల ప్లాంట్లలో కూలింగ్ చూసుకునే ఇంజినీర్లు అడిగేవి, ప్రాజెక్టుకు టాపిక్ వెతుక్కునే పిల్లలు అడిగేవి, రాత్రిపూట వాట్సాప్‌లో వచ్చేవి కలిపి చూస్తే సగానికి పైగా అవే ప్రశ్నలు. అందుకే అడిగినవాళ్ల మాటల్లోనే రాసిపెట్టాను. ఎక్కడ తెరిచినా జవాబు అక్కడే పూర్తిగా ఉంటుంది.

## మొదటిసారి విన్నవాళ్లు అడిగేవి

అయస్కాంతంతో చల్లబడేదేంది సార్? అదేమన్నా ఐసు గడ్డా?

అయస్కాంతం చల్లగా ఉండదు. చల్లబడేది దాని మధ్యలో పెట్టి తీసిన లోహం. గడోలినియం లాంటి లోహంలో ప్రతి పరమాణువూ ఒక చిన్న అయస్కాంతమే. మామూలుగా అవి తలో దిక్కుకు తిరిగి ఉంటాయి. బయటి నుంచి బలమైన అయస్కాంతం తెస్తే ఒకే వైపుకు తిరగడం మొదలుపెడతాయి. ఈ చెల్లాచెదురుతనాన్ని లెక్కకట్టే కొలతే ఎంట్రోపీ.

లోహానికి రెండు జేబులున్నాయనుకోండి. ఒక జేబులో ఈ చిన్న అయస్కాంతాల చెల్లాచెదురుతనం, రెండో జేబులో పరమాణువుల వణుకు, అంటే వేడి. వేడి బయటికి పోయే దారి లేనప్పుడు రెండు జేబుల మొత్తం మారదు. మొదటి జేబులో తగ్గింది రెండో జేబులోకి చేరుతుంది, లోహం వేడెక్కుతుంది. ఆ వేడిని నీళ్లతో లాగేసి, అయస్కాంతాన్ని పక్కకు జరిపితే పరమాణు అయస్కాంతాలు మళ్లీ చెదిరిపోతాయి. అందుకు కావాల్సింది వణుకు జేబులోంచే తీసుకుంటాయి కాబట్టి లోహం మొదటికంటే చల్లగా అయిపోతుంది. ఫ్రిజ్‌లో కంప్రెసర్ గ్యాసును నొక్కి వదిలినట్టు, ఇక్కడ అయస్కాంతాన్ని తెచ్చి తీస్తాం. దీని పేరు మాగ్నెటోకెలోరిక్ ప్రభావం.

ఇది కొత్తగా కనిపెట్టిందా?

వందేళ్లు దాటింది. 1917లో పియర్ వైస్, ఆగస్ట్ పికార్డ్ నికెల్‌ను వేడిచేస్తూ కొలతలు తీస్తున్నప్పుడు, 354 డిగ్రీల దగ్గర అయస్కాంత క్షేత్రం పెట్టగానే అది ఒక డిగ్రీలో ముప్పావు వంతు దాకా వేడెక్కడం గమనించారు. 1933లో గియాక్, మెక్‌డూగల్ గడోలినియం సల్ఫేట్‌తో పరమ శూన్య ఉష్ణోగ్రతకు పావు డిగ్రీ దగ్గరిదాకా వెళ్లారు. గియాక్‌కు 1949లో కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. చాలాకాలం ఇది అతిశీతల ప్రయోగశాలల పనిగానే ఉండిపోయింది. 1976లో నాసాలో బ్రౌన్ గడోలినియంతో, 7 టెస్లా (అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే యూనిట్) అయస్కాంతంతో, మామూలు గది ఉష్ణోగ్రత పరిసరాల్లోనే 47 డిగ్రీల తేడా సాధించి చూపించాక ఫ్రిజ్ అనే ఆశ పుట్టింది. 1997లో అమెరికాలోని ఏమ్స్ లేబొరేటరీలో పెచార్‌స్కీ, గ్‌ష్నైడ్నర్ గడోలినియం, సిలికాన్, జెర్మేనియం కలిపిన పదార్థంలో అంతకుముందు చూడనంత పెద్ద ప్రభావం కనుగొన్నారు. అక్కడినుంచి పరిశోధన ఊపందుకుంది.

ఇంట్లో చేసి చూడ్డానికి ఏమైనా ఉందా?

అయస్కాంతంతో కాదుగానీ, ఇదే సూత్రం రబ్బరు బ్యాండులో ఉంది. వెడల్పాటి రబ్బరు బ్యాండు తీసుకుని ఒక్కసారిగా బాగా సాగదీసి పై పెదవికి ఆనించండి, వెచ్చగా తగులుతుంది. సాగదీసే ఉంచి పది సెకన్లు ఆగండి, ఆ వెచ్చదనం గాల్లో కలిసిపోతుంది. ఇప్పుడు ఠక్కున వదిలి మళ్లీ పెదవికి ఆనించండి, చల్లగా ఉంటుంది. సాగదీసినప్పుడు రబ్బరు లోపలి పొడవాటి అణువులు వరుసకు వస్తాయి, వదిలినప్పుడు చెదురుతాయి. అయస్కాంతం లోహంలో చేసే పని చేయి రబ్బరులో చేసింది. పెదవి ఎందుకంటే ఒకటి రెండు డిగ్రీల తేడాను వేలికంటే పెదవి బాగా పట్టుకుంటుంది.

మే నెలలో మీరు చూపించినప్పుడు థర్మామీటరు సరిగా కదల్లేదు, ఎందుకు?

ఈ ప్రశ్న ఒంగోలు దగ్గర ఒక అమ్మాయి అడిగింది. చాలా మంచి ప్రశ్న. నా అయస్కాంతాల సందులో క్షేత్రం ఒక టెస్లాకు కొంచెం తక్కువ. గడోలినియం ముక్కకు సన్నని థర్మోకపుల్ తీగ అతికించి, చుట్టూ థర్మోకోల్ కప్పి, సందులోకి జరుపుతాను. ఏసీ గదిలో 22 డిగ్రీల దగ్గర మొదలుపెడితే అంకె 24 దాటుతుంది. బయటికి లాగితే మళ్లీ వచ్చిన చోటికి దిగుతుంది. ఆ రోజు కరెంటు లేదు, గదిలో 38 డిగ్రీలు. అదే ముక్క, అదే సందు, అంకె మాత్రం ఒక డిగ్రీ కంటే కాస్త ఎక్కువ కదిలి ఆగిపోయింది.

కారణం క్యూరీ ఉష్ణోగ్రత. ప్రతి అయస్కాంత పదార్థానికీ ఒక ఉష్ణోగ్రత ఉంటుంది, దాని కింద పరమాణువులు వాటంతటవే వరుసలో ఉంటాయి, దాని పైన వరుస పోతుంది. సరిగ్గా ఆ అంచున ఉన్నప్పుడే బయటి క్షేత్రం మాట ఎక్కువగా వింటాయి. గడోలినియానికి అది దాదాపు 20 డిగ్రీలు. యూరప్‌లో గది ఉష్ణోగ్రత అంటే అదే. మన మే నెల మధ్యాహ్నం దాన్ని దాటి చాలా పైకి వెళ్లిపోతుంది. చల్లదనం ఎంత అన్నదానికంటే ముందు, ఏ ఉష్ణోగ్రత దగ్గర అన్నది అడగాలి. ఐదారు లోహాలు కలిపే పనంతా మొదలయ్యేది అక్కడే.

మా ఫ్రిజ్ బాగానే పనిచేస్తుంది కదా, దీని అవసరం ఏముంది?

ఫ్రిజ్ తప్పు లేదు, లోపలి గ్యాసుతోనే పేచీ. పాత ఫ్రిజ్‌లలో, కార్ల ఏసీల్లో వాడిన ఆర్-134ఎ గ్యాసు ఒక కిలో గాల్లోకి పోతే 1,400 కిలోలకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదిలినంత వేడి పెంచుతుంది. 2016 కిగాలీ ఒప్పందాన్ని మన దేశం 2021లో ఆమోదించింది. 2032 నుంచి మొదలుపెట్టి 2047 నాటికి ఇలాంటి గ్యాసుల వాడకం 85 శాతం తగ్గించాలి. కొత్త ఇంటి ఫ్రిజ్‌లలో ఇప్పటికే ఐసోబ్యూటేన్ వచ్చింది. దానితో వాతావరణానికి హాని తక్కువేగానీ మండే గ్యాసు. లోహపు ముక్క అయితే లీకవడం అనే మాటే లేదు.

## మిశ్రమ లోహాల దగ్గరికి వచ్చాక

ఐదు లోహాలంటే మన పంచలోహమేనా?

పేరు దగ్గరగా ఉన్నా పోత వేరు. పంచలోహ విగ్రహంలో అధిక భాగం రాగే, మిగతావి కొద్దికొద్దిగా చేరతాయి. ఉక్కులోనూ అంతే, ఇనుము యజమాని, మిగతావి అతిథులు. ఇక్కడ మాట్లాడుతున్న హై ఎంట్రోపీ మిశ్రమాల్లో యజమాని అంటూ ఉండడు. ఐదు లేదా అంతకంటే ఎక్కువ మూలకాలు, పరమాణువుల లెక్కన ఒక్కొక్కటి 5 నుంచి 35 శాతం మధ్య ఉంటాయి. 2004లో తైవాన్‌లో యే, ఇంగ్లండ్‌లో కాంటర్ విడివిడిగా ఈ సంగతి ప్రచురించారు. కాంటర్ బృందం ఏకంగా 20 మూలకాలను సమానంగా కలిపి కరిగించింది. అది పెళుసుగా, రకరకాల ఫేజ్‌లతో, అంటే వేర్వేరు నిర్మాణాలున్న భాగాలతో వచ్చింది. కానీ అందులో ఒక ఫేజ్‌లో మాత్రం క్రోమియం, మాంగనీసు, ఇనుము, కోబాల్ట్, నికెల్ పక్కపక్కనే చేరి కనిపించాయి. ఆ ఐదింటినే విడిగా సమానంగా కలిపితే ఒకే స్ఫటిక నిర్మాణంతో చక్కటి లోహం వచ్చింది. ఇనుము, కోబాల్ట్, నికెల్ ఉన్నా అది గది ఉష్ణోగ్రతలో అయస్కాంతానికి అతుక్కోదు. ఈ మాట చెప్పినప్పుడు నమ్మని పిల్లలే ఎక్కువ.

హై ఎంట్రోపీ అంటే ఎక్కువ చల్లదనం ఇస్తుందనేగా?

కాదు. నాకు వచ్చే ప్రశ్నల్లో అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చేది ఇదే, పొరపాటు పడటం కూడా సహజమే, ఎందుకంటే ఒకే మాట రెండు చోట్ల వాడుతున్నాం.

మిశ్రమం పేరులోని ఎంట్రోపీ, ఏ గదిలో ఏ పరమాణువు కూర్చుంది అన్న అమరికకు సంబంధించింది. ఐదు మూలకాలు సమానంగా కలిస్తే మోల్‌కు 8.314ను ఐదు యొక్క సహజ లాగరిథమ్‌తో గుణించాలి, అది దాదాపు 13.4 జౌళ్లు పర్ కెల్విన్ (కెల్విన్ అంటే పరమ శూన్యం నుంచి లెక్కపెట్టే డిగ్రీ, మామూలు డిగ్రీలకు 273 కలిపితే వస్తుంది). లోహం గడ్డకట్టాక ఆ అమరిక అలాగే నిలిచిపోతుంది. మీరు అయస్కాంతం తెచ్చినా, తీసినా నికెల్ పరమాణువు లేచి వెళ్లి ఇనుము కుర్చీలో కూర్చోదు. కాబట్టి ఆ 13.4లో ఒక్క చుక్క కూడా చల్లదనానికి రాదు.

చల్లదనం ఇచ్చేది పరమాణు అయస్కాంతాల దిక్కుల ఎంట్రోపీ. గడోలినియం పరమాణువు ఎనిమిది రకాలుగా నిలబడగలదు, కాబట్టి గరిష్ఠంగా మోల్‌కు 17.3 జౌళ్లు, కిలోకు చూస్తే దాదాపు 110 జౌళ్లు పర్ కెల్విన్. 5 టెస్లా లాంటి బలమైన క్షేత్రం పెట్టినా మనకు చేతికొచ్చేది కిలోకు సుమారు 10. పదోవంతు కూడా కాదు. ఈ రెండు లెక్కలూ నోటుబుక్కులో ఒకసారి వేసుకుంటే ఇక జీవితంలో కలగాపులగం కాదు.

గడోలినియం ఒక్కటే చాలు కదా, ఇన్ని ఎందుకు కలపడం?

గడోలినియం 20 డిగ్రీల దగ్గర రాజు. అక్కడినుంచి దూరం పోయేకొద్దీ బలం తగ్గుతుంది. మనకు కావాల్సిన చోటు 5 డిగ్రీలు కావచ్చు, 45 కావచ్చు, మైనస్ 100 కావచ్చు. మిశ్రమంలో పాళ్లు మారిస్తే క్యూరీ ఉష్ణోగ్రతను మనకు కావాల్సిన చోటికి జరపవచ్చు. నా దృష్టిలో హై ఎంట్రోపీ మిశ్రమాలకున్న నిజమైన విలువ ఇదే. కిలోకు ఎంత చల్లదనం అన్న పందెంలో అవి మొదటి స్థానంలో లేవు. కానీ పాళ్లను ఇటూ అటూ మార్చినా ఒకే నిర్మాణం నిలబడుతుంది కాబట్టి, రేడియోలో స్టేషన్ తిప్పినట్టు ఉష్ణోగ్రతను తిప్పుకోవచ్చు.

గడోలినియం కుటుంబానికి చెందిన రేర్ ఎర్త్ లోహాల్లో ఇది ఎంత సొగసుగా పనిచేస్తుందో చూడండి. అయస్కాంత వరుస మొదలయ్యే ఉష్ణోగ్రత గడోలినియానికి 293 కెల్విన్, టెర్బియానికి 230, డిస్ప్రోసియానికి 179, హోల్మియానికి 132, ఎర్బియానికి 85. ఐదూ ఒకే రకం స్ఫటికాలు, పరమాణువుల సైజు కూడా దగ్గర దగ్గరే, అందుకే పాలూ నీళ్లలా కలిసిపోతాయి. ఆ ఐదు అంకెల సగటు 184. ఐదింటినీ సమానంగా కలిపి కొలిచినప్పుడు మార్పు ఆ చుట్టుపక్కలే కనిపించింది, అంటే మైనస్ 90 డిగ్రీల ప్రాంతంలో. విడిగా ఆ దగ్గర్లో ఉన్నది డిస్ప్రోసియం ఒక్కటే, మిగతా నాలుగూ కలిపితే అక్కడికి వచ్చాయి.

రెండో లాభం వెడల్పు. ప్రతి పరమాణువుకు పక్కన ఎవరున్నారన్నది చోటుచోటుకూ మారుతుంది కాబట్టి అన్నీ ఒకే డిగ్రీ దగ్గర వరుస తప్పవు, కొంచెం ముందూ వెనకా తప్పుతాయి. దాంతో ప్రభావం సన్నని శిఖరంలా కాకుండా విశాలమైన గుట్టలా వస్తుంది. ఎత్తు తగ్గుతుంది, కానీ ఎక్కువ డిగ్రీల మేర పనిచేస్తుంది. మూడోది గట్టితనం. లక్షలసార్లు అయస్కాంతం వచ్చి పోయినా పగలకుండా ఉండే లోహం యంత్రానికి కావాలి.

రేర్ ఎర్త్ లేకుండా ఇనుము, నికెల్ లాంటి వాటితో చేయలేమా?

చేస్తున్నారు, పది పదిహేనేళ్ల నుంచి. ఇనుము క్యూరీ ఉష్ణోగ్రత 770 డిగ్రీలు, కోబాల్ట్‌ది 1,100 పైన, నికెల్‌ది 354. వీటికి క్రోమియం, మాంగనీసు, రాగి లాంటివి కలిపి కిందికి దించుతారు. గది ఉష్ణోగ్రత దాకా తేవడం కష్టం కాదు. చిక్కల్లా అలా దించే మూలకాలే అయస్కాంతత్వాన్ని పలచన కూడా చేస్తాయి. అందువల్ల ఇనుము, కోబాల్ట్, నికెల్ ఆధారంగా చేసిన మామూలు హై ఎంట్రోపీ మిశ్రమాల్లో ప్రభావం గడోలినియంలో కొంత భాగమే ఉంటుంది. లోహం చవక, పట్టే అయస్కాంతం ఖరీదు, కాబట్టి లోహం చవకైనంత మాత్రాన యంత్రం చవక కాదు.

ఆశ ఉన్న దారి ఇంకొకటి ఉంది. ఇనుము, మాంగనీసు, నికెల్, జెర్మేనియం, సిలికాన్ కలిపిన మిశ్రమాల్లో అయస్కాంత వరుసతో పాటు స్ఫటిక నిర్మాణం కూడా ఒకేసారి మారేలా పాళ్లు కుదిర్చారు. స్పెయిన్‌లోని సెవిల్లెలో ఫ్రాంకో బృందం ఈ పనిలో ముందుంది. రేర్ ఎర్త్ లేని హై ఎంట్రోపీ మిశ్రమాలకు అంతకుముందున్న బలహీనతను ఇవి బాగా తగ్గించాయి.

ఫస్ట్ ఆర్డర్, సెకండ్ ఆర్డర్ అంటారు, వాటిలో ఏది మంచిది?

ఫస్ట్ ఆర్డర్ మార్పులో పదార్థం ఒక్క దెబ్బకు మారుతుంది, ఐసు కరిగినట్టు. ప్రభావం పెద్దది, కానీ మారడానికి ఒక ఉష్ణోగ్రత, తిరిగి రావడానికి ఇంకో ఉష్ణోగ్రత. ఆ తేడాను హిస్టరిసిస్ అంటారు, ప్రతి చుట్టులోనూ కొంత శక్తిని తినేస్తుంది. పైగా సైజు మారుతూ ఉండటంతో ముక్కకు బీటలు వస్తాయి. సెకండ్ ఆర్డర్‌లో మార్పు నిదానంగా జరుగుతుంది, గడోలినియంలో లాగా. ప్రభావం మధ్యస్థం, కానీ నష్టం దాదాపు లేదు. యంత్రం చేసేవాళ్లను అడిగితే రెండింటి సరిహద్దులో కూర్చున్న పదార్థం కావాలంటారు. నేనూ ఆ పక్షమే.

## ల్యాబులోకి దిగాక

ఈ మిశ్రమాన్ని ఎలా చేస్తారు?

ఎక్కువగా ఆర్క్ మెల్టింగ్. శుభ్రమైన లోహపు ముక్కలను తూకం వేసి, నీళ్లతో చల్లబరిచే రాగి పళ్లెంలో పెట్టి, గాలి తీసేసి ఆర్గాన్ నింపి, టంగ్‌స్టన్ మొనతో మెరుపు లాంటి ఆర్క్ కొడతారు. గోలీకాయలా ముద్ద వస్తుంది. దాన్ని తిరగేసి మళ్లీ కరిగించాలి, నాలుగైదుసార్లు. లేకపోతే కింద ఒక పాళ్లు, పైన ఒక పాళ్లు ఉంటాయి. తర్వాత క్వార్ట్జ్ గొట్టంలో సీలు చేసి రోజుల తరబడి కొలిమిలో ఉంచుతారు.

మాంగనీసుతో జాగ్రత్త. నేను మొదటిసారి వేరే ఊరి ల్యాబులో కరిగించినప్పుడు తూకం పక్కాగా వేశాను, ముద్ద నున్నగా మెరిసింది, ఎంతో సంతోషపడ్డాను. మూత తీస్తే కొలిమి లోపలి గోడల మీద నల్లటి పొర. తుడిస్తే వేలికి అంటుకుంది. మాంగనీసు తొందరగా ఆవిరవుతుంది, నా మిశ్రమంలో ఉండాల్సింది గోడ మీదకు పోయింది. క్యూరీ ఉష్ణోగ్రత అనుకున్నచోట రాలేదు. అప్పటినుంచి కరిగించక ముందు, కరిగించాక తూకం రెండూ రాసుకుంటాను. తరుగు ఎంతో చూసి మాంగనీసు కాస్త ఎక్కువ వేస్తాను.

చల్లదనాన్ని ఎలా కొలుస్తారు? థర్మామీటరు పెడితే చాలదా?

థర్మామీటరు పద్ధతి నేరుగా కొలవడం. అది మంచిదే, కానీ అందుకు ప్రత్యేకమైన అమరిక కావాలి. ఎక్కువమంది చేసేది ఇంకోటి. వీఎస్ఎమ్ అనే యంత్రంలో రకరకాల ఉష్ణోగ్రతల దగ్గర క్షేత్రాన్ని పెంచుతూ అయస్కాంతత్వం కొలుస్తారు. ఉష్ణోగ్రతతో అయస్కాంతత్వం ఎంత వేగంగా పడిపోతోందో లెక్కగట్టి, మాక్స్‌వెల్ సంబంధం అనే సమీకరణం ద్వారా ఎంట్రోపీ మార్పు తీస్తారు. ముక్క మిల్లీగ్రాముల్లో ఉన్నా చాలు.

ఫస్ట్ ఆర్డర్ పదార్థంలో ఇక్కడ ఒక గోతి ఉంది. పాత నిర్మాణం, కొత్త నిర్మాణం రెండూ కలిసి ఉన్నప్పుడు గుడ్డిగా ఈ లెక్క వేస్తే ఆకాశాన్నంటే శిఖరం వస్తుంది, అది నిజం కాదు. ప్రతి ఉష్ణోగ్రతకు ముందు నమూనాను మార్పు పరిధి దాటించి, మళ్లీ వెనక్కి తెచ్చి కొలవాలి. టైమ్ పడుతుంది, తప్పదు.

పేపర్లలో రిఫ్రిజిరెంట్ కెపాసిటీ చాలా ఎక్కువని రాస్తారు, నమ్మొచ్చా?

అంకె నిజమే, అర్థం చేసుకోవడంలో ఉంది. అది శిఖరం ఎత్తునూ వెడల్పునూ కలిపి ఇచ్చే కొలత. 2017లో గడోలినియం, డిస్ప్రోసియం, ఎర్బియం, హోల్మియం, టెర్బియం మిశ్రమానికి 5 టెస్లా దగ్గర కిలోకు 627 జౌళ్లు వచ్చింది, అది పెద్ద అంకే. అయితే ఈ కొలత పొట్టిగా, వెడల్పుగా ఉన్న గుట్టలకు ఎక్కువ మార్కులు వేస్తుంది. వంద డిగ్రీల వెడల్పు ఉండి, ఏ ఒక్క డిగ్రీ దగ్గరా సరిపడా చల్లదనం లేకపోతే యంత్రానికి ఉపయోగం తక్కువ.

నేను పిల్లలకు రెండు చూడమంటాను. మొదటిది, 5 టెస్లా అంకె పక్కన పెట్టి 1 లేదా 2 టెస్లా అంకె వెతకండి, ఎందుకంటే శాశ్వత అయస్కాంతాలతో యంత్రంలో దొరికేది దాదాపు అంతే. రెండోది, పది డిగ్రీల పరిధిలో సగటు ఎంట్రోపీ మార్పు ఎంతో చూడండి.

ఎక్స్‌ఆర్‌డీలో ఒకే ఫేజ్ వచ్చింది, ఇక సరిపోయినట్టేనా?

సరిపోదు. ఎక్స్‌ఆర్‌డీ అంటే ఎక్స్‌రేలతో స్ఫటిక నిర్మాణం చూసే పరీక్ష. రెండు మూడు శాతం కంటే తక్కువున్న ఫేజ్ దాని కంట పడకపోవచ్చు. అది ఇనుము ఎక్కువున్న ఫేజ్ అయితే అయస్కాంత కొలతలో మాత్రం గట్టిగా అరుస్తుంది. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో పాళ్లు కూడా చూసుకోండి.

## యంత్రం, మన ఊరి అవసరాలు

రెండు మూడు డిగ్రీలతో ఫ్రిజ్ ఎలా అవుతుంది?

స్లాబు పోసే రోజు తట్టలు చేతులు మారుతూ పైకి వెళ్లడం చూసే ఉంటారు. ఏ ఒక్కరూ పైదాకా ఎక్కరు, ఒక్కో మనిషి రెండడుగులు అందిస్తాడు, తట్ట రెండో అంతస్తు చేరుతుంది. యంత్రంలోనూ అంతే. మిశ్రమాన్ని సన్నని రేకులుగానో చిన్న గుండ్లుగానో గొట్టంలో పేర్చి, మధ్యలో నీళ్లు పోయే సందులు ఉంచుతారు. అయస్కాంతం రాగానే నీళ్లు ఒకవైపుకు కదిలి వేడిని తీసుకెళ్తాయి, అయస్కాంతం పోగానే రెండో వైపుకు కదిలి చల్లదనాన్ని తీసుకెళ్తాయి. ప్రతి ముక్కా తన రెండు డిగ్రీలే ఇస్తుంది, కానీ గొట్టం ఈ చివరకీ ఆ చివరకీ ఇరవై ముప్పై డిగ్రీల తేడా పేరుకుంటుంది.

గొట్టం వెచ్చని చివర ఒక ఉష్ణోగ్రత, చల్లని చివర ఇంకోటి కాబట్టి ఒకే లోహం అన్ని చోట్లా బాగా పనిచేయదు. పొరపొరకూ క్యూరీ ఉష్ణోగ్రత మూడు నాలుగు డిగ్రీలు జరిపిన మిశ్రమం కావాలి. పాళ్లు మార్చి ఉష్ణోగ్రత జరిపే వీలున్న మిశ్రమాలకు గిరాకీ ఇక్కడే.

మా రొయ్యల ప్లాంటులో అమోనియా తీసేసి ఇది పెట్టొచ్చా?

ఈ రోజుకి పెట్టలేరు. లెక్క చూడండి. వనామీ రొయ్యను గడ్డకట్టించాక కోల్డ్ స్టోరేజీలో మైనస్ 18 లేదా అంతకంటే తక్కువలో ఉంచాలి. ఎండాకాలం మన దగ్గర వేడిని బయటికి వదలాలంటే వేడి చివర 45 డిగ్రీలైనా ఉండాలి. మధ్యలో తేడా 60 దాటింది. పైగా టన్నుల కొద్దీ సరుకు. ఇప్పటిదాకా గది ఉష్ణోగ్రత దగ్గర పనిచేసిన నమూనా యంత్రాలు అందుకు చాలా చిన్నవి. అమోనియా ఘాటు, లీకయితే ప్రాణం మీదికి వస్తుంది, కానీ చల్లబరచడంలో దానికి దీటైనవి తక్కువ, వాతావరణాన్ని వేడెక్కించే గుణమూ లేదు. మీ ప్లాంటులో ఇప్పుడు డబ్బు పెట్టాల్సింది లీకు అలారాల మీద, పైపుల ఇన్సులేషన్ మీద.

కరెంటు బిల్లు తగ్గుతుందా?

30 శాతం దాకా ఆదా అన్న మాట చాలాచోట్ల కనిపిస్తుంది. పదార్థం మట్టుకు చూస్తే ఆ ఆశకు ఆధారం ఉంది, గ్యాసును నొక్కడంలో పోయే నష్టాలు ఇందులో లేవు. కానీ నీళ్ల పంపు, అయస్కాంతాన్ని తిప్పే మోటారు, వేడి మార్పిడి గొట్టాలు తమ వాటా తీసుకుంటాయి. యంత్రం మొత్తం మీద ఇంత ఖర్చయింది అని మీటరు పెట్టి చూపించనిదే నేను ఒప్పుకోను.

బజారులో దొరుకుతుందా?

మన బజారులో లేదు. 2015 జనవరిలో లాస్ వెగాస్ ప్రదర్శనలో హయర్, బీఏఎస్ఎఫ్, ఆస్ట్రోనాటిక్స్ సంస్థలు కలిసి వైన్ చల్లబరిచే చిన్న పెట్టె చూపించాయి. జర్మనీలో డార్మ్‌స్టాట్ యూనివర్సిటీ నుంచి పుట్టిన మాగ్నోథర్మ్ అనే సంస్థ కూల్‌డ్రింకుల పెట్టెల మీద పనిచేస్తోంది.

ఖరీదు ఎక్కడ పడుతుంది?

ముందు అయస్కాంతం దగ్గర. ఒకటిన్నర టెస్లా దాకా తెచ్చే నియోడిమియం అయస్కాంతాల అమరికే పెద్ద ఖర్చు. తర్వాత రేర్ ఎర్త్ లోహాలు. 2025 ఏప్రిల్‌లో చైనా ఎగుమతుల మీద ఆంక్షలు పెట్టిన ఏడు లోహాల్లో గడోలినియం, టెర్బియం, డిస్ప్రోసియం మూడూ ఉన్నాయి. ఇనుము, మాంగనీసు వైపు చూడాల్సిన అవసరం ఇందుకే పెరిగింది.

శ్రీహరికోటకు దీనితో ఏమైనా సంబంధం ఉందా?

ఈ ప్రశ్న సూళ్లూరుపేట పిల్లలు తప్పకుండా అడుగుతారు. పాత నెల్లూరు జిల్లాలోదే కదా. రాకెట్‌కు నేరుగా సంబంధం లేదు, ఇంధనానికి ఉంది. ఎల్‌వీఎమ్-3 రాకెట్ పై దశలో ద్రవ హైడ్రోజన్ వాడతారు. 2023 జులై 14న చంద్రయాన్-3 వెళ్లింది దాని మీదే. హైడ్రోజన్ ద్రవంగా మారేది మైనస్ 253 డిగ్రీల దగ్గర, అంటే 20 కెల్విన్. ఇప్పుడున్న పద్ధతుల్లో ఒక కిలో హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చడానికి పది యూనిట్లకు పైగా కరెంటు కావాలి, సిద్ధాంతం ప్రకారం దానిలో సగం కూడా అక్కర్లేదు.

ఆ మిగులులో అయస్కాంత పద్ధతికి చోటుంది. అంత చల్లని చోట గ్యాసు యంత్రాల సామర్థ్యం పడిపోతుంది. లోహాల వేడి పట్టే గుణం తగ్గిపోవడం వల్ల అయస్కాంత ప్రభావంతో ఉష్ణోగ్రత ఎక్కువగా కదులుతుంది. హోల్మియం, ఎర్బియం మిశ్రమాలు అక్కడ బాగా పనిచేస్తాయి. 2020లో జపాన్ పరిశోధకులు మెషిన్ లెర్నింగ్ సాయంతో వెతికి, హోల్మియం డైబోరైడ్‌లో 15 కెల్విన్ దగ్గర 5 టెస్లాకు కిలోకు 40 జౌళ్లు పర్ కెల్విన్ ఎంట్రోపీ మార్పు చూశారు. హైడ్రోజన్‌ను 77 నుంచి 20 కెల్విన్ దాకా మెట్లు మెట్లుగా దించాలి కాబట్టి, ప్రతి మెట్టుకూ సరిపడే మిశ్రమం కావాలి. రేర్ ఎర్త్ హై ఎంట్రోపీ మిశ్రమాలకు ఇంటి ఫ్రిజ్ కంటే ముందు ఇక్కడే పని దొరుకుతుందని నా నమ్మకం.

## ప్రాజెక్టు చేద్దామనుకునేవాళ్లకు

ఎమ్మెస్సీలో ఆర్క్ కొలిమి లేకుండా ఏం చేయగలం?

చాలా చేయొచ్చు. చిన్న గడోలినియం ముక్క కొని దారం కట్టి, ఐసు నీళ్లలో ముంచి తీసి అయస్కాంతం దగ్గర పెట్టండి, లటుక్కున అతుక్కుంటుంది. యాభై డిగ్రీల వేడి నీళ్లలో ముంచితే జారిపోతుంది. దీన్నే కొలతగా మార్చండి. ముక్క చుట్టూ రెండు రాగి తీగ చుట్టలు వేసి, ఒకదానికి ఏసీ కరెంటు ఇచ్చి, రెండోదాని వోల్టేజీని ఉష్ణోగ్రతతో గీస్తే క్యూరీ ఉష్ణోగ్రత కనిపిస్తుంది. తర్వాత నికెల్, రాగి మిశ్రమాలు. రాగి పెరిగేకొద్దీ నికెల్ క్యూరీ ఉష్ణోగ్రత దాదాపు సరళరేఖలో పడిపోతూ, 30 శాతం రాగి చుట్టుపక్కల గది ఉష్ణోగ్రత దగ్గరికి వస్తుంది. పాళ్లతో ఉష్ణోగ్రత తిప్పడం అంటే ఏమిటో చేత్తో తెలుస్తుంది.

వీఎస్ఎమ్ కొలతలకు ఐఐటీ మద్రాసులోని సైఫ్ అనే పరికరాల కేంద్రంలో రుసుము కట్టి నమూనా ఇవ్వొచ్చు. నెల్లూరు నుంచి రైల్లో పొద్దున బయల్దేరితే సాయంత్రానికి తిరిగి రావచ్చు.

కంప్యూటర్ మీదే చేస్తే ప్రాజెక్టు అవుతుందా?

అవుతుంది. అయస్కాంతత్వాన్ని లెక్కగట్టే వైస్ మీన్ ఫీల్డ్ సిద్ధాంతం, బ్రిల్వాన్ ఫంక్షన్ తీసుకుని పైథాన్‌లో గడోలినియం ఎంట్రోపీ మార్పు గీయండి. ఆ తర్వాత ఒకే క్యూరీ ఉష్ణోగ్రతకు బదులు కొంచెం కొంచెం తేడా ఉన్న వంద ఉష్ణోగ్రతల సగటు వేయండి. శిఖరం వెడల్పై, పొట్టిదవడం మీ తెర మీదే చూస్తారు.

మన దేశంలో హై ఎంట్రోపీ మిశ్రమాల మీద ఎవరు పనిచేశారు?

బెంగళూరు ఐఐఎస్‌సీకి చెందిన ఎస్. రంగనాథన్ 2003లోనే కరెంట్ సైన్స్ పత్రికలో ఇలాంటి బహులోహ మిశ్రమాల గురించి రాశారు. ఐఐటీ మద్రాసులో చాలాకాలం పనిచేసి 2019లో ఐఐటీ హైదరాబాద్ డైరెక్టర్‌గా వచ్చిన బి.ఎస్. మూర్తి ఈ రంగంలో ప్రపంచమంతా తెలిసిన పేరు.

గడోలినియం ముక్క తెల్లబడి పొడి రాలుతోంది, పాడైనట్టేనా?

పైన ఆక్సైడ్ పట్టింది, లోపల లోహం ఇంకా ఉంటుంది. మన తీరంలో ఇది తొందరగా జరుగుతుంది. నవంబరు వానల్లో నా దగ్గరి ఒక ముక్కను కాగితంలో చుట్టి బీరువాలో పెట్టి మరిచిపోయాను. సంక్రాంతికి తీస్తే మెరుపు పోయి, బూడిద రంగు పొర గోటితో గీరితే ఊడొచ్చింది. తూకం వేస్తే లోహం కొంత తగ్గింది. సన్నని ఎమరీ కాగితంతో నీళ్లు తగలకుండా రుద్ది, అసిటోన్‌తో తుడిచి, మళ్లీ తూకం రాసుకోండి. గాలి తీసేసిన కవరులో సిలికా జెల్ పొట్లంతో పాటు ఉంచండి. పొట్లం రంగు మారిందేమో నెలకోసారి చూడండి, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వారానికోసారి.